పోటు చూసుకుని టికెట్ తీసుకో మావా

కళింగపట్నం
ఆదివారం రాత్రి

మావా,

మేం థాయ్‌లాండ్‌లో చూసొచ్చిన ఫాంగ్‌న్గా గుహల గురించి నువ్వడిగినవాటికి ఫోన్లో జవాబు చెప్పెయ్యొచ్చు గానీ అవి ఒకటా రెండా? అత్తమ్మ పడవెక్కగలదా, బుడ్డోడు గుహలో ఏడుస్తాడా, చెల్లెమ్మకి అక్కడ తిండి దొరుకుతుందా, అంత ఖర్చు పెట్టి వెళ్తే చూడ్డానికి ఏటుంది అని. వాయిస్ మెసేజ్ పెడితే సగం విని ఆపేస్తావు. అందుకే కాగితం, పెన్ను పట్టుకున్నాను. చదివాక చెల్లెమ్మకి ఇవ్వు, నీకంటే శ్రద్ధగా చదువుతుంది.

ముందు అసలు సంగతి చెప్పేస్తాను. నువ్వు ఆఫీసులో లీవు పెట్టేసి, ఆ తారీఖులకి ట్రిప్పు వెతుకుతున్నావు. బ్యాంకాక్‌లో మాల్స్ తిరగడానికైతే అలాగే చెయ్యి. ఫాంగ్‌న్గా గుహల్లోకి పడవ మీద వెళ్ళాలంటే మాత్రం సముద్రం పోటు మీదుంటుందో ఆటు మీదుంటుందో ముందు చూసుకోవాలి, లీవు సంగతి ఆ తరవాత. మనూళ్ళో ముసలాళ్ళు తెప్ప దించేముందు ఈవేళ తిథి ఏటి అని అడిగేవారు గుర్తుందా? అచ్చం అదే లెక్క.

ఫుకెట్ దీవికీ థాయ్‌లాండ్ నేలకీ మధ్యన ఉంటుంది ఈ ఫాంగ్‌న్గా అఖాతం. 1981లో నేషనల్ పార్కు చేశారు. మన బంగాళాఖాతంలో ఉండే హోరూ కెరటాలూ అక్కడ కనబడవు. లోతు తక్కువ, నీళ్ళు ముదురు పచ్చగా, నిమ్మళంగా ఉంటాయి. వాటిలోంచి సున్నపురాయి కొండలు నిట్టనిలువుగా లేచి ఉంటాయి. మన శ్రీకాకుళం జిల్లాకి 193 కిలోమీటర్ల తీరం ఉంది, ఎక్కడైనా సముద్రం మధ్యలో అలాంటి కొండ ఒక్కటి చూశావా? ఇసక, సరుగుడు తోట, మళ్ళీ ఇసక. పెద్ద పడవ ఆ కొండల మధ్యకి రాగానే నాకు నోట మాట రాలేదు. మీ చెల్లెలు మాత్రం తలెత్తి చూసి, "ఇన్ని కొండలుంటే ఒక్కదాని మీదా గుడి కట్టలేదేటి?" అంది.

ఆ రాయి వయసు 25, 30 కోట్ల ఏళ్ళు. పాతకాలపు సముద్రం అడుగున గుల్లలూ పగడాలూ పేరుకుని గట్టిపడి, తరవాత నేల కదిలి పైకి లేచింది. ఇంకో విడ్డూరం విను. ఓ 20 వేల ఏళ్ళ కిందట, మంచుయుగంలో, సముద్రం ఇప్పటికంటే 120 మీటర్లు కిందకి ఉండేది. అంటే ఇప్పుడు మేం పడవలో తిరిగిన చోటంతా అప్పట్లో పొడి నేల. ఈ దీవులన్నీ ఆ నేల మీది కొండలే. మంచు కరిగి నీళ్ళొచ్చి చుట్టుముట్టాయి, అంతే.

స్కూల్లో బొర్రా గుహలకి తీసుకెళ్ళినప్పుడు మాస్టారు చెప్పింది నువ్వు వినుండవు, వెనక బెంచీ వాళ్ళతో జీళ్ళు తింటున్నావు. అక్కడా ఇక్కడా జరిగిన పని ఒక్కటే. వాన నీళ్ళు గాల్లోంచీ మట్టిలోంచీ కార్బన్ డయాక్సైడ్ కలుపుకుని కొంచెం ఆమ్లంగా మారి, సున్నపురాయిని నెమ్మదిగా కరిగిస్తాయి. బొర్రాలో గోస్తనీ నది సాయం పట్టింది, ఇక్కడ సముద్రం పట్టింది. నీటి మట్టం దగ్గర కొండ మొదలంతా లోపలికి కోసుకుపోయి, పై భాగం గొడుగులా ముందుకొచ్చి ఉంటుంది. పడవ దాని కిందకి వెళ్తే తల మీద వేల టన్నుల రాయి. టెన్షన్ పడేవాళ్ళు పైకి చూడకపోతే మంచిది.

ఇక హాంగ్ అనేది ఏటో చెప్తాను, నీ డబ్బంతా దానికే. కొండ లోపల గుహ కరిగి కరిగి, ఒకనాటికి పైకప్పు కూలిపోతుంది. నాలుగు పక్కలా ఎత్తయిన రాతి గోడలు, పైన ఆకాశం, కింద సముద్రపు నీళ్ళు మిగుల్తాయి. బయట నుంచి చూస్తే అది మామూలు దీవే, లోపల ఇంత ఖాళీ ఉందని తెలీదు. దారల్లా నీటి మట్టం దగ్గరుండే ఒక సొరంగం. 1989లో జాన్ గ్రే అనే అమెరికా ఆయన గాలి నింపే రబ్బరు పడవల్లో జనాన్ని ఈ సొరంగాల్లోంచి తీసుకెళ్ళడం మొదలుపెట్టాడు. ఇప్పుడు ఆ పని చేసేవాళ్ళు బోలెడుమంది.

పోటు నిండుగా ఉంటే సొరంగం నోరు మునిగిపోతుంది. ఆటు మరీ లాగేస్తే లోపల బురద తేలి, పడవ కదలదు. మధ్యలో కొద్దిసేపే సందు దొరుకుతుంది. మన దగ్గర నీరు ఎక్కితే ఎంత ఎక్కుతుంది, ఒడ్డు మీద రెండడుగులు ముందుకొస్తుంది. అక్కడ అమావాస్యకీ పౌర్ణమికీ రెండున్నర మీటర్ల దాకా ఎక్కి దిగుతుంది. అష్టమి దగ్గర తేడా బాగా తగ్గుతుంది. పైగా ఈ టైము రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ ఉంటుంది. కాబట్టి బుక్ చేసేటప్పుడు ఒకటే ప్రశ్న అడుగు: "ఫలానా రోజున హాంగ్ లోపలికి ఎన్నింటికి వెళ్తాం?" వాడు టైడ్ టేబుల్ చూసి చెప్తే సరే. "రోజూ పదింటికేనండీ" అన్నాడనుకో, ఇంకో కంపెనీ చూసుకో. వాడు నిన్ను దీవి చుట్టూ తిప్పి, ఫొటో తీసి, పంపించేస్తాడు.

మేం వెళ్ళింది కార్తీక పౌర్ణమి మర్నాడు. ముందు రోజు రాత్రి వాళ్ళకి లోయ్ క్రథాంగ్ పండగ. అరటి బోదెని చక్రంగా కోసి, చుట్టూ అరటాకు మడిచి గుచ్చి, పూలు, కొవ్వొత్తి, అగరొత్తులు పెట్టి నీళ్ళలో వదులుతారు. వాళ్ళూ గంగమ్మకే దండం పెట్టుకుని వదిలేది. మీ చెల్లెలు చూసిందే తడవుగా చెప్పులు విప్పేసి, ఓ ముసలావిడ పక్కన చతికిలబడి బోదె కొయ్యడానికి సాయం చేసింది. ఒకరి భాష ఒకరికి రాదు, అయినా గంటసేపు కబుర్లు! పొద్దునే లేచి దీపాలు వదల్లేకపోయానని తను అన్నాళ్ళూ పడ్డ బాధ అక్కడితో తీరిపోయింది.

మర్నాడు హోటల్‌కి వ్యాను వచ్చి అవ్ పో అనే రేవుకి తీసుకెళ్ళింది. అక్కడ రెండంతస్తుల పడవ, దాని మీద రబ్బరు పడవలు పేర్చి ఉన్నాయి. పౌర్ణమి పోటు కదా, పొద్దున హాంగ్ దారి మూసుకుపోయి ఉంది. అందుకని మిగతావన్నీ ముందు చూపించి, భోజనం పెట్టి, గుహల్ని తరవాతకి ఉంచారు. మా పడవలో గుంటూరు వాళ్ళ కుటుంబం ఒకటుంది. ఆయన పదే పదే వాచీ చూసుకుని "ఏం బాబూ, గుహలు ఎత్తేశారా?" అని తెలుగులోనే అడగడం, గైడు కుర్రాడు నవ్వి తల ఊపడం.

జేమ్స్ బాండ్ దీవి గురించి నువ్వు ప్రత్యేకంగా అడిగావు గానీ, అక్కడ పెద్దగా ఏమీ లేదు. నీళ్ళలో 20 మీటర్ల రాయి ఒకటి మేకు తిరగేసి పాతినట్టు నిలబడి ఉంటుంది. 1974లో అక్కడ తీసిన జేమ్స్ బాండ్ సినిమా వచ్చాక పేరు పడిపోయింది. రాయి మొదలు అరిగిపోతోందని 1998 నుంచి పడవల్ని దాని దగ్గరకి పోనివ్వడం లేదు, ఒడ్డు మీంచి చూడాల్సిందే. ఆ ఒడ్డు మీద ముత్యాల దండల దుకాణాలు, సెల్ఫీ కోసం క్యూ. పది నిమిషాలు చాలు.

అంతకంటే కో పన్యీ ఊరు నయం. ఊరంతా నీళ్ళ మీద, గుంజల మీద కట్టుకున్నారు, మసీదుతో సహా. ఆడుకోవడానికి నేల లేక, 1986లో పిల్లలే పాత చెక్కలు, చేపల తెప్పలు కలిపి నీళ్ళ మీద తేలే ఫుట్‌బాల్ మైదానం చేసుకున్నారు. మేకులు తేలి ఉన్న చెక్కల మీద ఆడి ఆడి, టోర్నమెంట్లకి కూడా వెళ్ళారు. బుడ్డోడికి ఈ సంగతి చెప్పు, మైదానం లేదని ఇంట్లో బంతి ఆడి టీవీ పగలగొట్టకుండా ఉంటాడు.

భోజనాలయ్యాక పనాక్ దీవి దగ్గర లంగరు వేశారు. ఒక్కో పడవలో ఇద్దరు కూర్చుంటే, వెనక గైడు తెడ్డు వేస్తాడు. మన పని కాళ్ళు చాపుకుని కూర్చోవడమే. మావాడు సొరంగం దాకా తీసుకెళ్ళి ఆపేశాడు. రాతికి ఒకటే గుల్లలు అతుక్కుని ఉన్నాయి. వాటిలో ఒక వరసని వేలితో చూపించి, ఆ వరస తేలేదాకా ఆగాలన్నాడు. చేతిలో వాచీ లేదు, ఫోను చూడలేదు. నీళ్ళు ఒక్కో గుల్లనీ వదిలి దిగుతుంటే చూస్తూ కూర్చున్నాడు. ఆ వరస తడితడిగా బయటపడగానే "పడుకోండి" అన్నాడు.

వెల్లకిలా పడుకున్నాం. అప్పటికీ చాల్లేదు, వాడు పడవ మూత తిప్పి కొంచెం గాలి వదిలాడు. ఉస్సుమని పడవ కుంగింది. తెడ్డు లోపల పెట్టేసి, రెండు చేతులతో పైకప్పుని నెట్టుకుంటూ తీసుకెళ్ళాడు. ముక్కుకి జానెడు ఎత్తులో గుల్లల అంచులు, బ్లేడులకి తక్కువేం కాదు. గబ్బిలాల కంపు గుప్పున కొట్టింది. వాడు టార్చి వేస్తే పైన నల్లగా గుంపులు గుంపులుగా వేలాడుతున్నాయి. నీళ్ళు రాతి సందుల్లోకి కొట్టుకుని గుటకలేసిన చప్పుడు. మీ చెల్లెలు నా చెయ్యి పట్టుకుని ఆంజనేయ దండకం అందుకుంది, అదీ ఫుల్ వాల్యూమ్‌లో. గబ్బిలాలు లేస్తాయి, మెల్లిగా అని గైడు బతిమాలుకున్నాడు.

సొరంగం దాటి హాంగ్‌లోకి వచ్చేసరికి కళ్ళు చెదిరిపోయాయి. చుట్టూ గోడలు, వాటి నిండా వేలాడే చెట్లు, నీళ్ళ మధ్యలో మడచెట్లు వేళ్ళ మీద నిలబడి ఉన్నాయి. బురద మీద వేలెడంత చేపలు, నెత్తి మీద కళ్ళేసుకుని, నీళ్ళు లేకుండానే గెంతుతున్నాయి. ఓ కోతి వేళ్ళ మధ్య చెయ్యి పెట్టి పీతని లాగి, గట్టు మీద కొట్టి, కాళ్ళు ఒక్కొక్కటే విరుచుకు తింది. మనూళ్ళో పీతల పులుసు రోజున మీ నాన్నగారు తిన్నంత ఓపిగ్గా తింది, అబద్ధం కాదు. వెనకాల ఇంకా పడవలు వస్తూనే ఉన్నాయి, అదొక్కటే చిరాకు. మేం ముందున్నాం కాబట్టి నాలుగు నిమిషాలైనా చప్పుడు లేకుండా చూడగలిగాం. పడవ దిగి ఎక్కేటప్పుడు మొహమాటపడకుండా మొదటి వరసలో నిలబడు.

ఎక్కువసేపు ఉండనివ్వరు. నీళ్ళు లాగేస్తే లోపలే ఇరుక్కుంటాం.

ఆ గైడుది ఆ పక్కనే చేపలు పట్టే ఊరట, వాళ్ళ నాన్నది వేటే. నాకు మన కుర్రాళ్ళు గుర్తొచ్చారు. ఎచ్చెర్ల నుంచీ గార నుంచీ పడవల మీద కూలికి గుజరాత్‌లో వేరావల్ దాకా పోతున్నారు, నెలల తరబడి ఇంటి మొహం చూడరు. నీళ్ళ రంగు చూసి చేప ఎక్కడుందో చెప్పగల వాళ్ళు! మన దగ్గర గుహలు లేకపోతే లేకపోనీ, తేలినీలాపురం చింతచెట్ల మీదికి ఏటా గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వస్తాయి, బారువలో తాబేళ్ళు గుడ్లు పెడతాయి, వంశధార మొగ మన గుమ్మంలోనే ఉంది. చూపించడం నేర్పి, జీతం ఇచ్చేవాడుంటే ఆ కుర్రాళ్ళలో కొందరైనా ఇక్కడే ఉండరా? మన మీటింగుల్లో టూరిజం అంటే రిసార్టు, లైట్లు. అక్కడ టూరిజం అంటే ఆ కుర్రాడు. సర్లే, దీని మీద నువ్వూ నేనూ మళ్ళీ దెబ్బలాడుకుంటాం.

నీ ప్రశ్నల సంగతి. బుడ్డోడికి ఏ బెంగా లేదు, లైఫ్ జాకెట్ వేస్తారు, టార్చి వాడి చేతికిచ్చెయ్యి. అత్తమ్మ విషయంలో మాత్రం ఆలోచించు. పెద్ద పడవలోంచి చిన్నదానిలోకి దిగేటప్పుడు ఇద్దరు పట్టుకుంటారు గానీ, ఆ మోకాళ్ళతో పడుకుని లేవడం కష్టం. పెద్ద పడవలో నీడన కూర్చుంటుంది, పుచ్చకాయ ముక్కలు కోసి పెడతారు, దృశ్యం అక్కడి నుంచీ బాగానే ఉంటుంది. కానీ ఆ మాట నేనన్నానని చెప్పకు. చెల్లెమ్మ తిండికి "జే" అనే మాట నేర్చుకోండి, అంటే నీచు లేకుండా అని వాళ్ళకి తెలుస్తుంది. ఉత్త "వెజ్" అంటే కూరలో చేపల సాస్ పోసేస్తారు, అది వాళ్ళకి ఉప్పుతో సమానం. మీ చెల్లెలు కార్తీకమాసమంతా పట్టిన నియమం జంతికల డబ్బా మీదే నిలబడింది. ఫోనుకి నీళ్ళు దూరని సంచీ కొను. రబ్బరు చెప్పులు చాలు, బూట్లు వద్దు.

సీజన్ గురించి దిగులు పడకు. మనకి తుఫాన్ల భయం ఉండే నవంబరు నుంచే అక్కడ ఆకాశం తెరిపిస్తుంది, జనవరిలో సముద్రం ఇంకా నిమ్మళం. అయితే భోగికి ఊళ్ళో లేకపోతే అత్తమ్మ నిన్నే మంటలో వేస్తుంది. కనుమ వెళ్ళాక బయల్దేరు. ఆ వారంలో తిథులేటో పంచాంగం తీయించి ఆవిడనే అడుగు, నువ్వు నెట్లో వెతికేలోపు చెప్పేస్తుంది. అమావాస్యకీ పౌర్ణమికీ మధ్య రోజు ఏదైనా దొరికితే ఇంకా మేలు, మాలాగ సగం రోజు ఎదురుచూడక్కర్లేదు. రోజు ఖాయమయ్యాక ఫోన్ చెయ్యి, ఆ కంపెనీ వాళ్ళ నంబరు మీ చెల్లెలి డైరీలో ఉంది, వెతికిస్తాను.

ఉంటాను మరి,
నీ మావ