వేకువ ప్రయాణాలకు చలి సన్నాహం

సభ్యులందరికీ నమస్కారం. అనంతపురం నుంచి లేపాక్షికి బైకులపై వేకువనే బయలుదేరేవారు మన మధ్యాహ్నపు ఎండను చూసి డిసెంబరు, జనవరి నెలల చలిని తక్కువగా అంచనా వేయవద్దని మనవి. ఉష్ణోగ్రత 10 డిగ్రీలున్నప్పుడు గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళితే, ఏమీ కప్పని చర్మానికి అది సుమారు 4 డిగ్రీల చలిలా తగులుతుంది.

మందం కన్నా గాలిని ఆపడమే ముఖ్యం. స్వెటర్లు ఎన్ని తొడిగినా గాలి దూరుతుంది కాబట్టి పైన రెయిన్‌కోటు వేసుకుంటే చాలామటుకు సరిపోతుంది. ఉన్ని మంకీ క్యాప్ మీద హెల్మెట్ పెట్టుకోవడం మనవాళ్లకు అలవాటే గానీ, దానివల్ల హెల్మెట్ తలకు సరిగా కూర్చోదు. పలచని బలాక్లావా (తల, ముఖం, మెడ కప్పే బిగుతైన తొడుగు) మేలు.

ముందుగా మొద్దుబారేవి క్లచ్, బ్రేకు పట్టే వేళ్లే. బిగుతైన గ్లౌజులు రక్తప్రసరణను తగ్గిస్తాయి కనుక కాస్త వదులుగా ఉన్నవే కొనండి. బండికి మొదట హ్యాండ్‌గార్డులు (చేతులకు గాలి తగలకుండా హ్యాండిల్ ముందు ఉండే అడ్డులు) బిగించుకోవడం మంచిది. వేడి గ్రిప్పులు (కరెంటుతో వేడెక్కే హ్యాండిల్ పిడులు) ఆ తర్వాతే, ఎందుకంటే అవి సాధారణంగా 30 నుంచి 40 వాట్ల దాకా లాగుతాయి, చిన్న బండ్ల ఛార్జింగుకు అది భారమే. వాటి వైరింగును రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) ద్వారా, బండి తాళంచెవి ఆఫ్ చేయగానే ఆగిపోయేలా చేయించండి.

పెనుకొండ కొండల దగ్గర మంచు పడితే డిమ్ లైటుతోనే నడపండి, ఎందుకంటే హైబీమ్ వెలుగు మంచుకు తగిలి మన కళ్లలోనే పడుతుంది. చలికి టైర్లలో గాలి ఒత్తిడి తగ్గుతుంది. బయలుదేరే ముందు, టైరు చల్లగా ఉన్నప్పుడే చూసుకోండి.