భద్రాచలం అమ్మాయిల సమ్మతి పత్రాలు: ఇద్దరు ఆరోగ్య మంత్రులకు బహిరంగ లేఖ

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖ మంత్రులకు నమస్కారాలు.

ఇద్దరికీ కలిపి ఒకే ఉత్తరం రాస్తున్నందుకు మన్నించండి. వేర్వేరుగా రాయడానికి వీలులేని విషయం ఇది. 2009లో తల్లిదండ్రులను సరిగా అడగకుండా ఖమ్మం జిల్లా బాలికలకు హెచ్‌పీవీ టీకా వేసిన సంగతి ఇది. అప్పటికి రాష్ట్రం ఒకటే, ఖమ్మం జిల్లా ఒకటే. 2014లో హద్దు మారి భద్రాచలం పట్టణం ఒకవైపు, ఆ మండలంలోని మిగతా ఊళ్లు మరోవైపు అయ్యాయి. అప్పటి అమ్మాయిలు కూడా అలాగే మీ ఇద్దరి పాలనలోకి చీలిపోయారు.

నేను డాక్టరును కాను. ఏజెన్సీలోని గిరిజన బాలికల వసతి గృహాల్లో ఇరవై రెండేళ్లు వార్డెనుగా పనిచేసి రిటైరైనదాన్ని. ఉద్యోగంలో ఎక్కువగా ఏ పని చేశావని ఎవరైనా అడిగితే, పిల్లలను చూసుకున్నానని చెప్పాలని ఉంటుంది. నిజం చెప్పాలంటే సంతకాలు పెట్టాను. డైట్ ఛార్జీల బిల్లుల మీద, కాస్మెటిక్ ఛార్జీల రిజిస్టరులో, ఇంటికి పంపే చీటీల మీద, నులిపురుగుల మాత్రల జాబితా మీద, రక్తపరీక్షల శిబిరం కాగితాల మీద. పొద్దున పదింటికి కట్ట వస్తుంది. మధ్యాహ్నం జీపు తిరిగి వెళ్లేలోగా అది సిద్ధంగా ఉండాలి. సంరక్షకులు అని అచ్చువేసిన చోటల్లా నా పేరే. నూట ఎనభై మంది పిల్లలు, అందరికీ నేనే సంరక్షకురాలిని. కన్నవాళ్లు పోడు చేలో ఉంటారు, తునికాకు సేకరణలో ఉంటారు. మిరపకోతల కాలంలో అయితే ఏ ఊళ్లో ఉన్నారో వాళ్లకే తెలియాలి.

అందుకే ఆ టీకా వ్యవహారం మీద 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన నివేదికలోని అంకెలు పత్రికలో చదివినప్పుడు నాకు ఆశ్చర్యం కలగలేదు. సిగ్గు వేసింది.

జరిగినది మీ శాఖల ఫైళ్లలో ఉండే ఉంటుంది. అయినా చదివేవారి కోసం చెబుతాను. 2009 జులైలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల బాలికలకు హెచ్‌పీవీ టీకా వేయడం మొదలైంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా కాపాడే టీకా అది. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేపట్టిన పని. డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది. గార్డాసిల్ టీకాను తయారు చేసిన మెర్క్ కంపెనీయే ఉచితంగా ఇచ్చింది. మన దగ్గర దాదాపు 14,000 మంది అమ్మాయిలు. గుజరాత్‌లోని వడోదర జిల్లాలో వేరే కంపెనీ టీకాతో మరో 10,000 మంది. 2010 మార్చిలో మహిళా సంఘాల బృందం ఒకటి ఖమ్మం జిల్లాకు వెళ్లి, చూసినదంతా బయటపెట్టింది. ఏప్రిల్‌లో కేంద్రం ఆపించింది.

టీకా వేయించుకున్న బాలికల్లో ఖమ్మంలో ఐదుగురు, గుజరాత్‌లో ఇద్దరు చనిపోయారు. ఆ మరణాలకు టీకా కారణమని తేలలేదు. నీళ్లలో పడి, పాము కరిచి, పురుగుమందు తాగి, జ్వరంతో పోయారని కేంద్రం వేసిన విచారణ సంఘం లెక్క చెప్పింది. ఆ దర్యాప్తు జరిగిన తీరును పార్లమెంటు సంఘం తప్పుపట్టింది. ఆ వాదనలోకి నేను దిగను, దిగే చదువూ నాకు లేదు. నాకు తెలిసింది కాగితాల సంగతి.

ఆ కాగితాల లెక్క ఇదీ. మన రాష్ట్రానికి సంబంధించి 9,543 సమ్మతి పత్రాలు సంఘం ముందుకు వచ్చాయి. వాటిలో 1,948 పత్రాల మీద వేలిముద్రలు. 2,763 పత్రాల మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు. నమూనాగా చూసిన 100 పత్రాల్లో 69 మీద సాక్షి సంతకమే లేదు. ఒకే మనిషి ఏడు పత్రాల మీద సంతకం చేసినట్టు కూడా కనిపించింది.

ఆ ఏడాది నేను ఆ మూడు మండలాల్లో లేను, వేరే జిల్లాలో ఉన్నాను. ఉండి ఉంటే 2,763 అన్న అంకె ఇంకొంచెం పెరిగి ఉండేది, అంతే. నేను ఆ కట్ట చదివి ఉండేదాన్ని కాను. చదివినా పెట్టి ఉండేదాన్ని. పై నుంచి వచ్చిన కాగితాన్ని వార్డెను వెనక్కి పంపిన సందర్భం నా సర్వీసులో ఒక్కటీ చూడలేదు. బదిలీ భయం ఒకటి, మంచి పనే కదా అన్న నమ్మకం ఇంకొకటి. రెండోదే ఎక్కువ ప్రమాదం. క్యాన్సర్ రాకుండా సూది అంటే ఏ తల్లి వద్దంటుంది, మనమే పెట్టేద్దాం అనుకుంటాం. తల్లి వద్దనదు అన్న నమ్మకం మీద తల్లిని అడగడం మానేస్తాం.

అడిగినా ఏమవుతుందో కూడా నాకు తెలుసు. నెలకోసారి కూతుర్ని చూడటానికి వచ్చిన తల్లి గడప దగ్గరే చెప్పులు విడిచి నిలబడుతుంది. కుర్చీ చూపించినా కూర్చోదు. ఏ కాగితం ముందుపెట్టినా, "చదువుకున్నవాళ్లు మీరు, మీకు తెలియదా అమ్మా" అని వేలు ముందుకు చాపుతుంది. సిరా అద్దిన వేలును నేను పట్టుకుని కాగితం మీద ఒత్తిన సందర్భాలు లెక్కపెట్టలేను. ఆ వేలిముద్ర ఆమెదే. ఆ నిర్ణయం మాత్రం నాది. ఇంట్లో కోయ మాట్లాడే ఆ తల్లికి తెలుగు కాగితం వినిపించడమే ఎక్కువ, అర్థమయ్యేలా చెప్పడం ఎవరి పనీ కాదు. మేము దానికి మనిషినీ పెట్టలేదు, గంటా కేటాయించలేదు.

ఇక చట్టం మాట. అప్పట్లో పాత్ వాళ్ల జవాబు ఏమిటంటే, ఇది ఔషధ ప్రయోగం కాదు, అనుమతి పొందిన టీకాను ఎలా అందించాలో చూసే ప్రదర్శన ప్రాజెక్టు అని. ప్రయోగం కాదు కాబట్టి ప్రయోగాల నియమాలు వర్తించవన్నమాట. పార్లమెంటు సంఘం ఆ మాటను ఒప్పుకోలేదు. తర్వాత నియమాలు చాలా గట్టిపడ్డాయి. 2019లో కొత్త ఔషధాల, క్లినికల్ ప్రయోగాల నియమాలు వచ్చాయి. బలహీన వర్గాల మీద కొత్త మందు ప్రయోగిస్తే సమ్మతి తీసుకోవడాన్ని వీడియో తీయాలి. ప్రయోగంలో హాని జరిగితే పరిహారం ఇవ్వాలి. పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం ఏడేళ్లు దాటిన పిల్లను నోటిమాటగానైనా అడగాలి, పన్నెండు దాటితే రాతపూర్వకంగా అడగాలి. బాగున్నాయి. కానీ ఇవన్నీ పరిశోధన అన్న మాట ఉన్నచోటే పనిచేస్తాయి. అదే సూదిని ప్రభుత్వ కార్యక్రమం అంటే ఇవేవీ ఆ పిల్ల దాకా రావు. పేరు మారగానే తల్లి అవసరం లేకుండా పోతుందా?

ఢిల్లీ హైకోర్టు 2019 జనవరిలో ఇదే ప్రశ్నకు జవాబు చెప్పింది. బడుల్లో తట్టు, రుబెల్లా టీకా వేసేటప్పుడు తల్లిదండ్రులు వద్దనకపోతే సరేనన్నట్టే లెక్క అని అక్కడి అధికారులు అనుకున్నారు. ఆ లెక్క చెల్లదు, అడిగి తీరాలి, టీకా లాభాలూ ఇబ్బందులూ చెప్పి తీరాలి అని కోర్టు అంది. మన రెండు రాష్ట్రాల్లోనూ 2017లో అదే టీకా కార్యక్రమం నడిచింది. మా హాస్టల్లో అందరికీ ఒక్కపూటలో వేశారు. ఎవరినీ అడగలేదు. నేను వరసలు సర్దాను.

ఇదంతా ఇప్పుడెందుకంటే, హెచ్‌పీవీ టీకా మళ్లీ వస్తోంది. రావాలి కూడా. ఈ క్యాన్సర్‌తో మన దేశంలో ఏటా 70 వేలకు పైగా ఆడవాళ్లు పోతున్నారు. నా తోటి వంటమనిషి ఒకామె రక్తస్రావాన్ని రెండేళ్లు దాచుకుని, చివరికి హైదరాబాదు తీసుకువెళ్లేసరికి చేయిదాటిపోయింది. ఒక్క మోతాదు కూడా సరిపోతుందని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మన దేశంలోనే టీకా తయారవుతోంది. 9 నుంచి 14 ఏళ్ల బాలికలకు ప్రోత్సహిస్తామని 2024 మధ్యంతర బడ్జెట్ ప్రసంగంలో కేంద్ర ఆర్థిక మంత్రి ప్రకటించారు. కాబట్టి ఈ ఉత్తరాన్ని టీకా వ్యతిరేకుల ఖాతాలో వేయకండి. నా మనవరాలికి నేనే దగ్గరుండి వేయించాను. వేయించే ముందు దాని అమ్మ డాక్టరమ్మను అరగంట ప్రశ్నలడిగింది. ఆ అరగంట మా ఇంటి పిల్లకు దొరికింది. ఆశ్రమ పాఠశాల పిల్లకు కూడా దొరకాలి.

దొరకడం అంత కష్టమూ కాదు. ఒక్క మోతాదే కాబట్టి తొందర లేదు. మూడు మోతాదుల రోజుల్లో పిల్ల చేజారుతుందని హాస్టళ్లను పట్టుకున్నారు. ఇప్పుడు దసరాకో సంక్రాంతికో పిల్ల ఇంటికి వెళ్లినప్పుడు ఊళ్లోనే వేయవచ్చు. వారపు సంత రోజున తల్లులంతా ఒకచోట దొరుకుతారు. వాళ్ల భాష వచ్చిన ఆశా కార్యకర్త చెట్టు కింద కూర్చుని చెబితే వింటారు, ఎదురు ప్రశ్నలు వేస్తారు. ఏజెన్సీలో ఏ సూది వచ్చినా పిల్లలు పుట్టరట అన్న పుకారు దాని వెనకే వస్తుంది. దానికి జవాబు సంతలోనే చెప్పాలి. కలెక్టరేటులో పత్రికా సమావేశం పెట్టి చెబితే అది కొండ మీది ఊళ్ల దాకా చేరదు. వద్దన్న తల్లి పేరు ఏ నల్లజాబితాలోనూ పడకూడదు. ఆమె వచ్చే సంతకు మనసు మార్చుకుని రావచ్చు.

పిల్లను కూడా అడగండి. పన్నెండేళ్ల పిల్లకు నెలసరి గురించి చెబుతున్నాం, ఈ టీకా గురించి చెబితే అర్థం చేసుకోలేదా?

గోప్యత గురించి ఒక మాట. ఇది చెప్పడానికి నాకు ఇష్టం లేదు, అయినా చెబుతాను. ఒకసారి మా హాస్టల్లో సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తరోగం కోసం పరీక్షలు జరిగాయి. ఫలితాల జాబితా వచ్చింది. ఎవరికి మాత్రలు ఇవ్వాలో ఆయాకు తెలుస్తుందని దాన్ని యథాతథంగా నోటీసు బోర్డు మీద అంటించాను. ఆదివారం చూడటానికి వచ్చినవాళ్లందరూ చదివారు. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె రోగి కూడా కాదు, వాహకురాలు మాత్రమే. ఆమెకు మేనరికం మాట అనుకుని ఉన్నారట. ఆ సంబంధం తప్పిపోయింది. ఆ వయసులో మాట అనుకోవడమే తప్పు కదా అంటారేమో, అవును తప్పే. కానీ తప్పిపోయాక ఊరంతా ఆమెను చూసిన చూపుకు ఆ పిల్ల మళ్లీ బడికి రాలేదు. నాకు ఎవరూ మెమో ఇవ్వలేదు. నేను తప్పు చేశానని ఎవరికీ తోచలేదు.

ఇప్పుడు నోటీసు బోర్డు స్థానంలో పోర్టల్ ఉంది, వాట్సాప్ గ్రూపు ఉంది. టీకా వివరాలు కేంద్రం వాళ్ల టీకాల పోర్టల్ యూ-విన్‌లో ఎక్కించాలంటే ఫోను నంబరు కావాలి. ఫోను లేని తల్లి పిల్లకు ఎవరి నంబరు రాస్తారు? వార్డెనుదా, ఏఎన్ఎందా? రేపు ఆ పిల్ల ఆరోగ్య చరిత్ర ఎవరి జేబులో ఉంటుంది? పైగా హెచ్‌పీవీ లైంగికంగా సోకే వైరస్. టీకా వేయించుకున్న పిల్లల ఫొటోలు, వద్దన్నవాళ్ల పేర్లు గ్రూపుల్లో తిరిగితే ఊళ్లో ఏయే మాటలు పుడతాయో ఊహించడానికి పెద్ద చదువు అక్కరలేదు. లక్ష్యం చేరామని చూపించడానికి వరసలో నిలబెట్టి ఫొటో తీసే అలవాటును ముందు మాన్పించండి.

మీ ఇద్దరినీ నేను అడిగేది పెద్ద జీవో కాదు. హాస్టల్ వార్డెను, హెడ్మాస్టరు సంరక్షకుల హోదాలో టీకా సమ్మతి మీద సంతకం చేయరాదని ఒక్క పేజీ ఆదేశం చాలు. అది ఉంటే, సంతకం పెట్టనని చెప్పడానికి నాలాంటివాళ్లకు ఒక కాగితం అండగా ఉంటుంది. తల్లి రాలేకపోతే ఆ పిల్లకు ఆ రోజు టీకా వేయరు, అంతే. రెండోది, 2009 నాటి ఆ పత్రాలు, ఆ అమ్మాయిల జాబితాలు ఇప్పుడు ఏ కార్యాలయంలో ఉన్నాయో రెండు రాష్ట్రాలూ కలిసి వెతికి చెప్పండి. తమకు ఎన్ని మోతాదులు పడ్డాయో తెలుసుకునే హక్కు వాళ్లకు ఉంది.

ఎందుకంటే ఆ పిల్లలకు ఇప్పుడు ఇరవై అయిదు దాటాయి. చాలామంది తల్లులయ్యారు, కొందరి కూతుళ్లు బడికి పోతున్నారు. రేపు మీ ఏఎన్ఎం టీకా పెట్టె పట్టుకుని వెళ్లి సమ్మతి అడగబోయేది ఆ తల్లులనే. తమకు ఏ సూది, ఎందుకు వేశారో చెప్పనివాళ్ల మాట వాళ్లెందుకు నమ్మాలి? ముందు పాత సంగతి చెప్పండి, తర్వాత కొత్త కాగితం ఇవ్వండి.

సంతల్లో మాట్లాడటానికి మనుషులు చాలకపోతే నేను వస్తాను. కోయ కొద్దిగా వచ్చు. మోకాళ్లు నొప్పులే గానీ బస్సు ఎక్కగలను. జీతం వద్దు, బస్సు టికెట్టు ఇప్పిస్తే చాలు.

ఇట్లు,
రిటైరైన ఒక హాస్టల్ వార్డెన్