శనక్కాయ నూనె ధర ఎందుకు పెంచామంటే

అనంతపురంలో మా గానుగ నూనె వాడుతున్న అందరికీ నమస్కారం. ఈ నెల నుంచి శనక్కాయ నూనె లీటరు 350 నుంచి 380 రూపాయలు చేశాం. బజారులో ప్యాకెట్ నూనె ఇంకా చవకగా వస్తోంది కదా అని చాలామంది అడుగుతున్నారు. అడగాల్సిన మాటే. లెక్క చెబుతాను.

లీటరు నూనెకు రెండున్నర కిలోల దాకా గింజలు పడతాయి. అన్ని గింజలు రావాలంటే సుమారు మూడున్నర కిలోల కాయలు ఒలవాలి. 2025-26కు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 7,263 రూపాయలు. మేం అంతకు తగ్గించి కొనం, మార్కెట్ రేటు పైకిపోతే ఆ రేటే ఇస్తాం. అంటే ఒక్క కాయలకే 250 రూపాయలు దాటుతోంది. ఆపైన ఒలుపు కూలి, కరెంటు, సీసా, అద్దె. నూనె తీశాక మిగిలే పిండి చెక్క అమ్మితే కొంత తిరిగొస్తుంది.

కానీ రైతుకు రేటు ఒక్కటే సమస్య కాదు. మన జిల్లాలో వాన మీద ఆధారపడి వేసే పంట ఇది. రెండు మూడెకరాల రైతు విత్తనానికి ఎవరి దగ్గర అప్పు తెస్తాడో, పంట కూడా వాళ్లకే అమ్మాల్సి వస్తుంది. కాయ సరిగా ఆరకముందే కళ్లం దగ్గరికి వాళ్ల బండి వస్తుంది. తేమ ఉందని కొంత కోత, మట్టి ఉందని ఇంకొంత, బస్తాకు ఇంత తరుగు. ఇవన్నీ పోగా మిగిలిన డబ్బు కూడా వారాల తర్వాతే చేతికొస్తుంది.

అందుకే మేం విత్తుకు ముందే కొంత అడ్వాన్సు ఇస్తున్నాం, దానికి వడ్డీ లేదు. కాయ ఆరేదాకా ఆగుతాం. గుప్పెడు తీసి చెవి దగ్గర ఊపితే లోపల గింజ గలగలమనాలి. కాటా అంకె రైతు కళ్లారా చూసుకుంటాడు, తరుగు తీయం, డబ్బు అదే రోజు ఖాతాలో వేస్తాం.

ఫెయిర్ ట్రేడ్ అని, రైతుకు న్యాయమైన ధర దక్కేలా చూసే వ్యాపార పద్ధతి ఒకటుంది, అదీ ఈ దారిలోనిదే. అందులో కనీస ధర ఉంటుంది, అడిగిన రైతుకు ముందస్తు డబ్బు ఉంటుంది. పైగా రైతు సంఘానికి అదనంగా కొంత మొత్తం వస్తుంది, దాన్ని దేనికి ఖర్చు పెట్టాలో సంఘమే తేల్చుకుంటుంది. మా సీసా మీద ఫెయిర్ ట్రేడ్ ముద్ర లేదు. ఆ అదనపు మొత్తం ఇచ్చే స్థోమత కూడా మాకు ఇంకా రాలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పడమే మంచిది.

జూన్ విత్తుకు అడ్వాన్సులు సిద్ధం చేసుకోవాలి. ఏడాదికి సరిపడా నూనె ఇప్పుడే బుక్ చేసుకునేవాళ్లకు పాత ధరకే ఇస్తాం. ఆ డబ్బు విత్తనాల అడ్వాన్సులకే వాడతాం. నెలాఖరులోపు షాపులో పేరు రాయించండి.