బీరువాలో ఉన్న నా పట్టా గురించి ఆర్థిక మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర ఆర్థిక మంత్రిగారికి,

నమస్కారం. నేను ఎమ్మెస్సీ స్పీచ్ లాంగ్వేజ్ పథాలజీ, అంటే మాటకు, మింగడానికి సంబంధించిన చికిత్స చదువు, పూర్తి చేశాను. ఫీజు రీయింబర్స్‌మెంట్ గురించి మీకు కొత్తగా చెప్పేది ఏమీ లేదు. బకాయిలు ఎన్ని కోట్లో, ఏ సంవత్సరానివి ఎంతో, ఏ టోకెన్ (బిల్లుకు ఖజానా ఇచ్చే నంబరు) ఎక్కడ ఆగిందో ఆ లెక్కలన్నీ మీ బల్ల మీదే ఉంటాయి. ఆ లెక్కల్లో కనపడని సంగతి ఒకటి చెప్పుకుందామని రాస్తున్నాను. నా తరఫున ప్రభుత్వం కట్టవలసిన ఫీజు రాలేదని మా కళాశాల నా సర్టిఫికెట్లను బీరువాలో పెట్టి తాళం వేసింది. పదో తరగతి మెమో నుంచి బీఏఎస్‌ఎల్‌పీ (వినికిడి, మాటల చికిత్స డిగ్రీ) పట్టా దాకా, చేరిన రోజున తీసుకున్నవన్నీ అక్కడే ఉన్నాయి. పీజీ మార్కుల మెమో ఇంతవరకు నా కంట పడలేదు.

అర్జీలు ఇవ్వకుండా నేరుగా వీధికెక్కిందని అనుకోకండి. జిల్లాలో ఇచ్చాను, హైదరాబాదులో ఇచ్చాను. సంక్షేమ శాఖ అధికారి ఒకరు ఓపికగానే విని, ‘బిల్లు మేము పంపేశామమ్మా, ఇక ఆర్థిక శాఖదే ఆలస్యం’ అన్నారు. ఆర్థిక శాఖ లోపలికి నాలాంటివాళ్ళు వెళ్ళే దారి ఏదో ఎవరూ చెప్పలేదు. ఒక అర్జీకి మాత్రం జవాబు వచ్చింది. మీ సమస్య పరిష్కరించబడింది అని ఫోనుకు సందేశం. ఎవరు పరిష్కరించారో తెలిస్తే వెళ్ళి దండం పెట్టి వచ్చేదాన్ని.

కళాశాలలో అడిగితే ఒకటే మాట. ప్రభుత్వం ఇచ్చేదాకా నువ్వు కట్టు, వాళ్ళు ఇచ్చాక నీది నీకు తిరిగి ఇస్తాం. ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టి ఉంచకూడదని యూజీసీ 2018లో చెప్పింది కదా అని ఆ ఉత్తర్వు ప్రతి తీసుకెళ్ళి చూపించాను. గుమస్తాగారు సాంతం చదివి, మంచి ఉత్తర్వే అని మెచ్చుకుని, నా చేతికి తిరిగి ఇచ్చారు. ఆ ఆఫీసులో నాకు తిరిగి వచ్చిన కాగితం అదొక్కటే. అయినా వాళ్ళను పూర్తిగా తప్పు పట్టలేకపోతున్నాను. మాకు క్లినిక్‌లో పని నేర్పిన మేడమ్‌కే నెలల తరబడి జీతం అందలేదు. ఆవిడ మాత్రం ఒక్క రోజు కూడా మా కేసు షీట్లు దిద్దడం మానలేదు. మీరు కళాశాలకు బాకీ, కళాశాల ఆవిడకు బాకీ. తాకట్టులో ఉన్నది మాత్రం నా చదువు!

ఇక హామీల సంగతి. 2025 సెప్టెంబరులో ప్రైవేటు కళాశాలలు బంద్ అన్నప్పుడు చర్చలు జరిగాయి. వెంటనే 600 కోట్లు, దీపావళికి మరో 600 కోట్లు అన్నారు. పేపరులో చదివి మా అమ్మ ఆ పూట పొరుగింటికి కూడా చెప్పి వచ్చింది. దీపావళి వచ్చింది, వెళ్ళింది. అన్న డబ్బు అన్నట్టు రాలేదని నవంబరులో కళాశాలలు నిరవధిక బంద్‌కు దిగాయి. మళ్ళీ చర్చలు, మళ్ళీ హామీ. కళాశాలల తలుపులు తెరుచుకున్నాయి. బీరువా తలుపు తెరుచుకోలేదు. ఎప్పుడు అడిగినా ‘టోకెన్ పడింది కదా’ అంటారు. టోకెన్ పడితే డబ్బు పడినట్టేనని ఒక అధికారి నాకు నచ్చజెప్పబోయారు. అలాగైతే ఆ టోకెనే తీసుకుని నా పట్టా ఇమ్మని మీరే కళాశాలకు ఒక మాట చెప్పండి సార్.

మా అమ్మ బీడీలు చుడుతుంది. ప్రభుత్వం ఇచ్చేది పోను మిగతా ఫీజుకు, హాస్టలు ఖర్చుకు మహిళా సంఘంలో అప్పు తీసుకుంది. ఆ వాయిదాలకు టోకెన్లు చెల్లవు. ఆలస్యమైతే సంఘంలో మిగతావాళ్ళు వచ్చి గుమ్మంలో కూర్చుంటారు.

ఈ చదువు ఏమిటో మీ అధికారులకు కూడా సరిగా తెలిసినట్టు లేదు. ఒకాయన ‘మాటలు నేర్పడానికి ఎమ్మెస్సీ ఎందుకమ్మా’ అన్నారు. అందుకని కొంచెం చెప్పనివ్వండి. బీఏఎస్‌ఎల్‌పీ నాలుగేళ్ళు, అందులో చివరి ఏడాది ఇంటర్న్‌షిప్. దాని మీద పీజీ రెండేళ్ళు. మొత్తం ఆరేళ్ళు, ఎంబీబీఎస్ కంటే అరేడాది ఎక్కువ. డిగ్రీలో వినికిడి, మాట రెండూ నేర్పుతారు. పీజీలో మాట, భాష, గొంతు, మింగడం లోతుగా చదువుతాం. అవును, మింగడం కూడా. పక్షవాతం వచ్చిన మనిషికి గుక్కెడు నీళ్ళు తాగిస్తే అవి ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రావచ్చు. ఆ మనిషికి పలచటి మజ్జిగ ఇవ్వాలా, చిక్కటి జావ ఇవ్వాలా, తల ఎటు వంచి మింగమనాలో చూసి చెప్పే పని మాది. స్వరపేటిక తీసేసిన క్యాన్సర్ రోగికి వేరే దారిలో గొంతు తెప్పించే పని కూడా మాదే. అలాంటివాళ్ళలో ఎందరో ఏళ్ళ తరబడి బీడీ కాల్చినవాళ్ళు. ఆ బీడీలు చుట్టిన కూలితోనే నేను ఈ చదువు చదివానని క్లినిక్‌లో ఎన్నోసార్లు గుర్తొచ్చేది. ఆ సంగతి ఇప్పుడు ఎందుకులెండి.

రెండేళ్ళూ పొద్దున క్లినిక్, మధ్యాహ్నం క్లాసులు, రాత్రి కేసు షీట్లు. వీటి మధ్య డిసర్టేషన్, అంటే పీజీలో రాయాల్సిన పరిశోధన వ్యాసం. నేను తెలుగు పిల్లల ఉచ్చారణ మీద పని చేశాను. మాకు దొరికిన పరీక్ష బొమ్మల్లో ఇగ్లూ, పెంగ్విన్ ఉన్నాయి. మన అంగన్‌వాడీ పిల్ల వాటిని చూసి నోరు తెరవకపోతే అది మాట రాకపోవడమా, బొమ్మ తెలియకపోవడమా? అందుకని గంప, కోడిపుంజు, పళ్ళెం, నల్ల మేక బొమ్మలు నేనే గీయించి, పిల్లలు ళకారం ఏ వయసుకు సరిగా పలుకుతున్నారో, ఒత్తులు ఎక్కడ వదిలేస్తున్నారో రాసుకున్నాను. ఈ పని మైసూరులోనో ముంబయిలోనో ఉన్న పెద్ద సంస్థల్లో జరగదు, మన దగ్గరే జరగాలి. ఆ డిసర్టేషన్ కూడా బీరువా ఉన్న గదిలోనే ఏదో అరలో ఉంది.

2025 జూన్‌లో జూనియర్ డాక్టర్ల స్టైపెండ్ 15 శాతం పెంచారు. సంతోషం, వాళ్ళ కష్టానికి అది తగినదే. మా కళాశాలలో పీజీ వాళ్ళకు స్టైపెండ్ అన్న మాటే లేదు. శాతం లెక్క కట్టడానికి అసలు అంటూ ఒకటి ఉండాలి కదా.

అసలు బాధకు వస్తాను. ఒక జిల్లాలో పిల్లల సత్వర చికిత్స కేంద్రంలో కాంట్రాక్టు ఉద్యోగానికి నోటిఫికేషన్ వచ్చింది. దానికి డిగ్రీ చాలు. జాబితాలో నా పేరు పైనే ఉంది. సర్టిఫికెట్ల పరిశీలనకు జిరాక్సులతో వెళ్ళాను. ఒరిజినల్స్ లేకుండా కుదరదన్నారు. ఫలానా కారణం వల్ల కళాశాలలో ఉన్నాయండీ, ఆ బాకీ ప్రభుత్వానిదేనండీ అన్నాను. అది మా పరిధి కాదు అన్నారు. అంటే ప్రభుత్వం డబ్బు ఇవ్వనందుకు ప్రభుత్వమే నాకు ఉద్యోగం ఇవ్వలేదు. ఇందులో తప్పు ఎవరిదో మీరే చెప్పండి. నాకైతే ఎటు తిరిగినా నాదేనన్నట్టు చూశారు.

ఆ కేంద్రానికి వచ్చే పిల్లలెవరో మీకు తెలుసా సార్? పుట్టు చెవుడు ఉన్న బిడ్డకు ఆరోగ్యశ్రీలో కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్ చేసి చెవి లోపల అమర్చే వినికిడి పరికరం) చేయిస్తారు. లక్షల్లో ఖర్చు. ఆపరేషన్ అయిన కొన్ని వారాలకు పరికరాన్ని స్విచ్ ఆన్ చేస్తారు. ఆ క్షణం నుంచి బిడ్డకు వినపడేది మాట కాదు, ఏదో చప్పుడు. ఆ, ఈ, ఊ, మ్, ష్, స్ అన్న ఆరు ధ్వనులు వినిపించి తల తిప్పుతుందో లేదో చూడటంతో మా పని మొదలవుతుంది. ఆ చప్పుళ్ళలోంచి అమ్మ అనే మాటను బిడ్డ విడిగా పట్టుకోవడానికి నెలలు పడుతుంది, తానుగా మాట్లాడటానికి ఏళ్ళు. మూడేళ్ళ లోపు మొదలుపెడితే వచ్చినట్టు ఆ తరువాత భాష రాదు. థెరపీ లేకపోతే లక్షల పరికరం చెవి వెనక నగలా మిగిలిపోతుంది. ఎందరో తల్లులు ఛార్జింగు పెట్టడం కూడా మానేస్తారు. ఆపరేషన్ రోజున ఫొటో తీసుకోవడానికి అందరూ వస్తారు కానీ రెండేళ్ళ థెరపీకి ఫొటో ఉండదు. పరికరానికి లక్షలు పెట్టిన ఖజానాకు, దాన్ని పలికించే మనిషి ఫీజు దగ్గర మాత్రం డబ్బు దొరకదు.

ఇంకో వింత కూడా చెప్పాలి. 1992 నాటి పునరావాస మండలి చట్టం ప్రకారం రిజిస్టరులో పేరు లేనివాళ్ళు ఈ వృత్తి చేయకూడదు. చేస్తే ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. డిగ్రీతో నా పేరు రిజిస్టరులో ఉంది. పీజీ అర్హత చేర్పించుకోవాలంటే పట్టా కావాలి. నేను ఆ పట్టా కోసం తిరుగుతుంటే, మా కాలనీలో ఏ రిజిస్ట్రేషనూ లేని ఒకాయన స్పీచ్ సెంటర్ బోర్డు పెట్టి నాలుగేళ్ళ ఆటిజం పిల్లవాడికి నాలుక మీద తేనె రాసి పంపిస్తున్నాడు. ఆయన్ను సర్టిఫికెట్ అడిగినవాళ్ళు లేరు.

నేను అడిగేది పెద్దది కాదు. బకాయిలు ఇవ్వండి. అన్నీ ఒకేసారి కుదరకపోతే చదువు పూర్తయినవాళ్ళవి ముందు ఇవ్వండి. అదీ కుదరకపోతే బాకీ మాదేనని కళాశాలలకు రాతపూర్వకంగా హామీ ఇచ్చి మా సర్టిఫికెట్లు విడిపించండి. అదీ కాకపోతే, పరిశీలనలో జిరాక్సులు చెల్లుతాయని మీ అధికారులకైనా చెప్పండి. ఏదో ఒకటి చేయండి. పండుగ పేరు చెప్పి మాత్రం గడువు పెట్టకండి, మా ఇంట్లో పండుగ అంటేనే భయం పట్టుకుంది. బకాయిలు ఇవ్వండి సార్. నేను భిక్ష అడగడం లేదు. ఇస్తామని మీరే అన్న డబ్బు అది, నా పేరు మీద మంజూరు కూడా అయింది.

ఇంకో జిల్లాలో నోటిఫికేషన్ పడింది. పరిశీలన తేదీ ఇంకా చెప్పలేదు. ఈసారైనా ఒరిజినల్స్‌తో వెళ్ళేలా చూడండి. నా దరఖాస్తు నంబరు, టోకెన్ వివరాలు మీ పేషీలో ఇచ్చిన అర్జీ వెనక పేజీలో ఉన్నాయి. ఆ అర్జీ కనపడకపోతే కబురు పెట్టండి, ఇంకో జిరాక్సు పంపుతాను. జిరాక్సులకైతే నా దగ్గర కొరత లేదు.

ఇట్లు,
జగిత్యాల జిల్లా నుంచి
ఒక స్పీచ్ థెరపిస్టు