ఆ వీపుల్లో అసభ్యత ఎక్కడుంది?

నెల్లూరు జిల్లా కలెక్టర్ గారికి నమస్కారం.

1992లో మన దూబగుంట ఆడవాళ్ళు సారాకు ఎదురు తిరిగారు. అంగడి ముందు ఒళ్ళు అడ్డం పెట్టి నిలబడ్డారు. ఊరూరూ వాళ్ళ వెంట నడిచింది. 1993లో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది.

ఆ రోజుల్లో నడిచిన అవ్వలను రెండేళ్ళుగా నేను ఫొటోలు తీస్తున్నాను. ముఖాలు కాదు. నాట్లకు వంగిపోయిన నడుములు, పగిలిన మడమలు, రవిక లేని వీపులు. ఒక అవ్వ వీపు మీద తాగొచ్చిన మొగుడు కాల్చిన మచ్చ ఇంకా ఉంది. తనే పమిట జరిపి, "తియ్యి పాపా, అందరూ చూడాల" అనింది. ఆ పూట కెమెరా పట్టుకున్న నా చేతులు వణికాయి.

ప్రదర్శనకు హాలు ఇస్తామన్నవాళ్ళు ముందురోజు సాయంత్రం ఫొటోలు చూసి, "ఒళ్ళు కనబడతా ఉంది, కుదరదు" అన్నారు. దెబ్బలు కనబడలేదా అని అడిగాను. జవాబు లేదు.

ఇరాన్‌లో పుట్టిన కళాకారిణి షిరిన్ నెషాత్ 1990లలో ఆడవాళ్ళ ముఖాలు, చేతుల ఫొటోల మీద పర్షియన్ కవిత్వం రాశారు. మా అవ్వల ఒంటి మీద రాత ముందే ఉంది. నేను లైటు మాత్రమే పెట్టాను.

ఒక ప్రభుత్వ హాలు మూడు రోజులు ఇప్పించండి సార్. మొదటి రోజు అవ్వలంతా వస్తామన్నారు. మీరూ రండి.