రఫా దాడి ఆలస్యమే తప్పయిందా?

సంపాదకులకు నమస్కారం.

గాజా యుద్ధంపై ఇటీవల మీ సంపాదకీయ పుటలో వచ్చిన వ్యాసంలో, 2024 ఫిబ్రవరి నుంచి మే వరకు గాజా దక్షిణ కొసన ఉన్న రఫాపై దాడిని ఇజ్రాయెల్ వాయిదా వేస్తూ పోవడం వల్లనే ఆ యుద్ధం అంతకాలం సాగిందని, వీధుల్లోకి వచ్చిన జనానికీ విదేశాల ఒత్తిడికీ తలొగ్గి ప్రభుత్వం మంచి అదను చేజార్చుకుందని రచయిత తీర్మానించారు. ఆ నెలల్లో అక్కడి వార్తలను వదలకుండా చదివినవాడిగా నేను ఈ తీర్మానాన్ని ఒప్పుకోలేకపోతున్నాను. ఆలస్యం ఎందుకు జరిగింది, ఆ ఆలస్యంలో జనం ఏమి కోరారు, చివరికి దాడి జరిగాక ఏమి ఒరిగింది అనే మూడింటినీ ఆ వ్యాసం ఒకదానితో ఒకటి కలిపేసింది.

యుద్ధానికి ముందు సుమారు 2.75 లక్షల జనాభా ఉన్న రఫా ప్రాంతానికి, ఉత్తర గాజా నుంచీ పొరుగు నగరం ఖాన్ యూనిస్ నుంచీ తరిమివేతకు గురైనవారంతా వచ్చి చేరడంతో 2024 తొలి నెలలకల్లా అక్కడ 14 లక్షల మంది ఇరుక్కుపోయారు. వెనక ఈజిప్టు సరిహద్దు గోడ, ఒక పక్క సముద్రం, మిగిలిన పక్కల సైన్యం. రంజాన్ మొదలయ్యేలోగా, గాజాలోని సాయుధ సంస్థ హమాస్ చేతిలో ఉన్న బందీలు ఇళ్లకు చేరకపోతే పోరు రఫాకూ విస్తరిస్తుందని ఇజ్రాయెల్ యుద్ధ మంత్రివర్గ సభ్యుడు బెన్నీ గాంట్జ్ ఫిబ్రవరి 18న హెచ్చరించారు. మార్చి 11న రంజాన్ మొదలైంది, దాడి జరగలేదు. రంజాన్ మాసానికైనా కాల్పులు ఆపాలని మార్చి 25న భద్రతా మండలి 2728వ తీర్మానం చేస్తే అమెరికా అడ్డు చెప్పకుండా ఓటింగుకు దూరంగా ఉంది. ఏప్రిల్ 7న ఖాన్ యూనిస్ నుంచి ఇజ్రాయెల్ తన పదాతి దళాలను వెనక్కి తీసుకుంది, ఆ మర్నాడే రఫాకు తేదీ ఖరారయిందని నెతన్యాహు ప్రకటించారు. ఖాళీ చేయించే జనం కోసం 40 వేల గుడారాలు కొంటున్నారన్న వార్తలు కూడా అప్పుడే వచ్చాయి. ఆ వెంటనే ఇజ్రాయెల్ మీద ఇరాన్ క్షిపణులు, డ్రోన్లు వచ్చిపడ్డాయి. ఇన్ని కారణాలుండగా ఆలస్యం మొత్తాన్ని జనం కేకల మీదికి నెట్టడం ఎలా సబబు? లక్షలాది మందిని ఎక్కడికి పంపాలో తెలియకపోవడమే అన్నిటికన్నా పెద్ద అడ్డంకి. అది సైన్యానికీ తెలుసు.

ఇక జనం మాట. మా నిజామాబాద్, జగిత్యాల ప్రాంతాల నుంచి వృద్ధుల సంరక్షణ పనికి ఇజ్రాయెల్ వెళ్లినవాళ్లు చాలామంది ఉన్నారు. మా మేనకోడలు కూడా టెల్ అవీవ్‌కు దగ్గరలో ఒక పెద్దావిడను చూసుకుంటోంది. శనివారం సాయంత్రాల్లో ఆవిడను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టుకొని బందీల కూడలికి తీసుకెళ్లేది. కుర్చీ పిడికి పసుపు రిబ్బను కట్టి ఉండేదట. ఆ కూడలిలో, అపహరణ జరిగి ఎన్ని రోజులు, ఎన్ని గంటలు, ఎన్ని నిమిషాలు గడిచాయో చూపే గడియారం ఉండేది. బందీల కోసం పరిచిన పొడవాటి భోజనాల బల్ల, దాని చుట్టూ ఖాళీ కుర్చీలు ఉండేవి. ఏప్రిల్‌లో ఫోన్ చేసినప్పుడు మా అమ్మాయి, ‘మామా, ఈడ దాడి వద్దని మొత్తుకునేటోళ్లు పరాయోళ్లు కాదు, పిల్లలు సొరంగాలల్ల ఉన్నోళ్లే’ అంది. మీ వ్యాసకర్త ‘గుంపుల ఒత్తిడి’ అని ఒక్క మాటలో తోసేసింది వీళ్లనే.

దాడి వెంటనే జరగాలన్నవారు కూడా ఇజ్రాయెల్‌లో ఉన్నారు, అది నేను కాదనను. సైనిక ఒత్తిడితోనే తమవారు తిరిగి వస్తారని నమ్మిన బందీల కుటుంబాలున్నాయి, బందీల విడుదల ఒప్పందానికి తలవంచితే ప్రభుత్వం నిలవదని బెదిరించిన స్మోట్రిచ్, బెన్ గ్విర్ వంటి మంత్రులున్నారు. గాజాకు పోయే సహాయ లారీలను కెరెమ్ షాలోమ్ సరిహద్దు ద్వారం దగ్గర అడ్డుకున్నవాళ్లూ ఉన్నారు. ‘ఒప్పందం కుదిరినా కుదరకపోయినా’ రఫాలోకి వెళ్తామని ఏప్రిల్ 30న నెతన్యాహు చెప్పింది యుద్ధం సాగాలని కోరే కుటుంబాలతోనే. అయినా మే మొదట్లో అక్కడ జరిగిన అభిప్రాయ సేకరణలో యూదుల్లోనే సగానికి పైగా, రఫా దాడి కన్నా బందీలను విడిపించే ఒప్పందమే ముందన్నారు. ఫిబ్రవరిలో రంజాన్ గడువు పెట్టిన గాంట్జ్ కూడా ఏప్రిల్ చివరికి బందీల రాకే అత్యవసరమని, రఫా కన్నా అదే ముఖ్యమని మాట మార్చుకున్నారు.

మే 6వ తేదీ గురించి మీ వ్యాసంలో ఒక్క వాక్యం లేదు. దానికి ముందు రోజు కెరెమ్ షాలోమ్‌పై హమాస్ రాకెట్లు కురిపించి నలుగురు సైనికులను చంపింది. చర్చలు చివరికొచ్చిన సమయంలో చేసిన ఆ దుర్మార్గాన్ని ఎవరూ సమర్థించలేరు. 6న పొద్దున, లక్ష మంది వరకు తూర్పు రఫాను ఖాళీ చేసి సముద్ర తీరంలోని అల్ మవాసీ వైపు వెళ్లాలని ఆకాశం నుంచి కరపత్రాలు రాలాయి. ఆ సాయంత్రం, ఈజిప్టు, ఖతర్ మధ్యవర్తులు తెచ్చిన ప్రతిపాదనకు తాము ఒప్పుకున్నామని హమాస్ ప్రకటించింది. పొద్దున మూటలు కట్టుకున్న జనమే సాయంత్రం రఫా వీధుల్లోకి వచ్చి సంబరాలు చేసుకున్నారు. టెల్ అవీవ్‌లో బందీల కుటుంబాలు కూడా ఒప్పందానికి సరేననాలని తమ ప్రభుత్వాన్ని డిమాండ్ చేస్తూ రోడ్డెక్కాయి. ఆ షరతులు తమ అవసరాలకు చాలా దూరంగా ఉన్నాయని యుద్ధ మంత్రివర్గం చెప్పింది, తెల్లారేసరికి రఫా సరిహద్దు ద్వారాన్ని ట్యాంకులు స్వాధీనం చేసుకున్నాయి. గాయపడినవారు వైద్యానికి బయటికి పోగల ఆ దారి మూతపడింది. మే 13న ఐక్యరాజ్యసమితి వాహనంలో వెళ్తుండగా రఫాలో మన దేశ మాజీ సైనికాధికారి ఒకరు ప్రాణాలు కోల్పోయారు. ఆ వార్తను మీ పత్రికలోనే చదివాను.

ఆలస్యం చేసినందుకే నష్టం జరిగిందంటే, దాడి చేశాక లాభం కనపడాలి గదా. 2024 అక్టోబరు 16న హమాస్ నాయకుడు సిన్వార్ రఫాలోనే హతమయ్యాడు, నిజమే. అతడు చేయించిన 2023 అక్టోబరు 7 ఘోరంలో 1,200 మంది చనిపోయారు, 251 మంది బందీలయ్యారు. అతడి కోసం కన్నీరు కార్చవలసిన అవసరం ఎవరికీ లేదు. కానీ అతడు పోయిన మూడు నెలలకు, 2025 జనవరిలో కుదిరిన ఒప్పందం ఎలా ఉంది? 42 రోజుల చొప్పున మూడు దశలు, మొదటి దశలో 33 మంది బందీల విడుదల. మే 6న హమాస్ ఒప్పుకున్న ప్రతిపాదన చట్రం కూడా ఇదే. వివరాల్లో తేడాలుంటే ఉండవచ్చు. మధ్యలో గడిచిన ఎనిమిది నెలల్లో గాజా ఆరోగ్య శాఖ లెక్క ప్రకారం మృతుల సంఖ్య 34 వేల పైచిలుకు నుంచి 46 వేల పైచిలుకుకు చేరింది. ఆగస్టు 31న రఫా సొరంగంలో ఆరుగురు బందీల శవాలు దొరికాయి. సైన్యం దగ్గరపడుతోందని కాపలాదారులే వారిని కాల్చి చంపినట్టు తేలింది. సెప్టెంబరు 1న లక్షలాది మంది ఇజ్రాయెలీలు వీధుల్లోకి వచ్చారు, మర్నాడు దేశంలోని అతిపెద్ద కార్మిక సమాఖ్య పిలుపుతో సమ్మె జరిగింది. యుద్ధం మొత్తంలో సైన్యం ప్రాణాలతో విడిపించి తెచ్చిన బందీలు 8 మంది. ప్రాణాలతో తిరిగి వచ్చిన మిగిలినవారిలో దాదాపు అందరూ చర్చల వల్లనే, విడతలు విడతలుగా ఇళ్లకు చేరారు.

అందుకే నా విన్నపం ఒకటి. ఎక్కడైనా సంధి చర్చల మధ్య ‘దాడి వాయిదా’ అన్న వార్త వచ్చినప్పుడు దాన్ని ఎవరు గెలుస్తున్నారు, ఎవరు వెనక్కి తగ్గుతున్నారు అన్న లెక్కతో మాత్రమే వేయకండి. బల్ల మీద ఉన్న షరతులు ఏమిటో, ఏ షరతు దగ్గర ఎవరు పట్టుబట్టారో పాఠకుడికి అర్థమయ్యేటట్టు అదే పుటలో ముద్రించండి. రఫా విషయంలో ఆ మూడు నెలల్లో మన భాషలో నేను వెతికినా దొరకనిది అదే. మా జిల్లా నుంచి అక్కడ పనిచేస్తున్నవారి ఇళ్లలో ఆ వివరం కోసమే పొద్దున్నే పత్రిక తెరుస్తారు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
ఆర్మూరు, నిజామాబాద్ జిల్లా