బుడమేరు గొడవ గురించి

అందరికీ నమస్కారం. రాత్రి గ్రూపులో జరిగింది చూసి ఇది రాస్తున్నా. విజయవాడని ముంచిన బుడమేరు వాగు వరద పాపం ఏ పార్టీదని మొదలై, పదకొండు దాటేసరికి ఒకరి అమ్మానాన్నల్ని ఇంకొకరు తిట్టేదాకా వెళ్లింది. ఇద్దరూ రోజూ ఒకే మెట్ల మీద ఎదురుపడేవాళ్లు!

2024 సెప్టెంబరు 1 గుర్తుందిగా? బుడమేరు వరదని వెలగలేరు దగ్గర మళ్లించి కృష్ణలో కలపాలి. కానీ అప్పుడు కృష్ణే పొంగుతోంది, మర్నాటికి ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటింది, ఈ నీళ్లనెక్కడ తీసుకుంటుంది? మళ్లింపు కాలువకి గండ్లు పడ్డాయి, సింగ్‌నగర్ మునిగింది. పాత దారిన కొల్లేరుకి పోవాలంటే వాగుని ఇరుకు చేసి ఇళ్లు కట్టేశాం, కొల్లేట్లో చేపల చెరువులు తవ్వేశారు. ఒక్క ప్రభుత్వం, ఒక్క పదేళ్లు చేసిన పని కాదిది. (చవగ్గా వస్తోందని వాగు పక్క స్థలం నేనూ చూసొచ్చినవాణ్నే.)

ఆ రోజుల్లో పడవ ఎక్కించడానికి డబ్బులడిగినవాళ్లున్నారు. మన కింది వాటా పిల్లలకి పై వాటా వాళ్లు పాలు కాచి పంపిందీ అప్పుడే. ఓటెవరికేశావని ఎవరూ అడగలేదు.

బూతులున్న ఫార్వర్డులు దయచేసి ఇక్కడ పెట్టకండి. పెడితే అడ్మిన్‌గా తీసేస్తా, నొచ్చుకోవద్దు.

ఆదివారం పొద్దున ఏడింటికి వెనక కాలువ దగ్గరికి రండి. ఫొటోలు తీసి కార్పొరేషన్‌లో అర్జీ పెడదాం. రాత్రి తిట్టుకున్న ఇద్దరూ తప్పకుండా రావాలి, టీ నాది.